రోహిణి కార్తెలో ఐసుదిమ్మ

నేను ఒక ఐసు పొడిచే సూదిని. జానెడు ఇనుము, గుప్పెడు కొయ్యపిడి. పాత జీపు కమ్మీని కొలిమిలో కాల్చి సాగగొట్టి నన్ను చేశారు. ఎన్ని సుత్తిదెబ్బలు తిన్నానో ఇప్పటికీ లెక్క చెప్పగలను గానీ, వద్దులెండి, మీకు పనులుంటాయి.

పల్నాడులో ఒక ఊరి బస్టాండు పక్కన సోడాకొట్టు నడిపే మస్తానమ్మ చేతిలో పదకొండు వేసవులు బతికాను. నన్ను కడిగి, తుడిచి, ఊకలో పాతిన ఐసుదిమ్మ పక్కనే పడుకోబెట్టేది.

ఏటా రోహిణి కార్తెకు త్రిమూర్తులనే డిటెక్టివ్ నవలల రచయిత పనిగట్టుకుని మా ఊళ్లో దిగేవాడు. ఊరంతా తలుపులు మూసుకున్న వేళ మా బల్లమీద కూర్చుని, చెమట కారుస్తూ రాసేవాడు.

"చలికాలం ఒక్కణ్ణీ చంపలేనమ్మా. ఎండ నెత్తికెక్కితేనే హత్యలు తడతాయి" అనేవాడు.

"చంపుకో నాయనా. సోడా తాగి చంపుకో" అనేది మస్తానమ్మ.

ఆ ఏడు ఐసు ఫ్యాక్టరీకి కరెంటు పోయి, ఊరు మొత్తానికీ ఒక్కటే దిమ్మ వచ్చింది. మిట్టమధ్యాహ్నం మా ఊరి ఏసోబు పరుగెత్తుకొచ్చాడు. తెల్లవారుజామున వాళ్లమ్మ పోయింది. చెల్లెలు బళ్లారి నుంచి వచ్చేసరికి సాయంత్రమవుతుంది.

"ఐసు లేకపోతే అందాకా అమ్మ ఆగదక్కా. చెల్లి మొగం చూసుకోవాల."

మస్తానమ్మ దిమ్మను ఊకలోంచి తీసింది. అంతలో కూతురి పెళ్లి చేస్తున్న గురవయ్య వచ్చి దానిమీద చెయ్యేశాడు.

"మజ్జిగలో ఐసేదని మగపెళ్లోళ్లు నా మొగాన ఉమ్ముతున్నారు. చచ్చినామెకు చల్లదనమెందుకురా?"

ఏసోబు అతని చెంప పగలగొట్టాడు. గురవయ్య నన్ను అందుకున్నాడు. ఇద్దరికీ పాతపగేమీ లేదు, నిన్నటిదాకా ఒకే బీడీ పంచుకున్నవాళ్లే. ఎండ, అంతే. ఐసు గట్టిగా ఎదురుతిరిగి, తర్వాత పగులుతుంది. మనిషి మెత్తన. ఏసోబు పక్కటెముకల సందున పిడిదాకా దిగాను. రెండోసారి మెడలోకి. కొలిమి తర్వాత అంత వేడి నాకు అదే. ఊకంతా నెత్తురుతో ముద్దయింది.

త్రిమూర్తులు కలం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కాగితం మీద ఇరవైమందిని చంపినవాడికి "ఆపండయ్యా" అనడానికి నోరు రాలేదు. తర్వాత ఆ హత్యను నవలలో పెట్టి, ఆస్తి తగాదా అని రాశాడట. ఐసు కోసమంటే చదివేవాళ్లు నమ్మరని.

ఇప్పుడు మెడకు చీటీతో కోర్టు బీరువాలో ఉన్నాను. ఒక్కసారే బయటికి తీశారు. ఆ రోజు మస్తానమ్మ సాక్షి బోనులో నిలబడి నా వంక చూడకుండా చెప్పింది.

"గొడవలో సగం దిమ్మ కరిగిపోయింది. మిగతాది గోనెలో చుట్టి నేనే ఈడ్చుకుపోయినానయ్యా. బిడ్డ వచ్చేసరికి తల్లి మొగం చెడలేదు. అన్న ఏడని అడిగింది. ఐసు తేవడానికి పోయాడని చెప్పినా."