అందరికీ తెరిచిన ఫోల్డర్

తెలంగాణ బంద్ మర్నాడు ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఆఫీసుకు వచ్చి కూర్చున్నాను. నా పాస్‌వర్డ్ పనిచేయలేదు. మూడేళ్లుగా నేను రాసిన కోడ్ అంతా నాకే మూసుకుపోయింది. పాస్‌వర్డ్ లేకుండా తెరిస్తే ‘నమూనాలు’ అనే ఒక్క ఫోల్డర్ మాత్రం కనిపించింది. మా సాఫ్ట్‌వేర్ కొనాలనుకునేవాళ్లు చూసుకోవడానికి పోయిన వారం దాన్ని లోకానికంతా తెరిచిపెట్టింది నేనే. ఎవరైనా చదవొచ్చు, ఒక్క అక్షరం మార్చలేరు.

ఒళ్లు మండింది. యజమాని ప్రసన్నకుమార్ గదిలోకి వెళ్లాను.

“నా పాస్‌వర్డ్ ఎందుకు తీసేసిండ్రు సార్?”

“మీవాళ్లు రైళ్లే ఆపేస్తున్నారు. రేపు నువ్వు నా కోడ్ పాడుచెయ్యవని గ్యారంటీ ఏంటి?” తల కూడా ఎత్తలేదు. “ఆ నమూనాలు అందరికీ తెరిచే ఉన్నాయిగా, నువ్వూ అవే చూసుకో.”

“ఒక్కరోజు బంద్‌ల ఉంటే దొంగనైపోయిన్నా?”

“ముందు గొంతు తగ్గించు.”

మధ్యాహ్నం ఆయనే నా సీటు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. నమూనా కోడ్ నడవడం లేదని కొనబోయే కంపెనీవాళ్లు ఫోన్లో అరుస్తున్నారట.

“సంధ్యా, అర్జెంటు! తప్పెక్కడుందో చూడు!”

ఫోల్డర్ తెరిచి తీరిగ్గా చదివాను.

“దొరికింది సార్.”

“అయితే త్వరగా సరిచెయ్యి!”

“ఎట్ల జేస్త?” కుర్చీలో వెనక్కి వాలాను. “నన్ను గూడ అందర్ల కలిపిండ్రు గద సార్. అందరికి చదువుడే, దిద్దుడు లేదు. నేను చదివిన.”