అంచున పడిన నీడ

ఎదురింటి దర్జీ భార్య అన్నదట. పాలావిడ ఆ మాటను ఉన్నదున్నట్టు మోసుకొచ్చి ఈ గుమ్మంలో దించింది: “ఆ ఫొటోగ్రాఫరు పెళ్ళానికేమమ్మా, దొరసాని! మొగుడు ఎండనకా వాననకా తిరిగి అంత పేరు తెచ్చుకుంటుంటే, ఈవిడ పట్టపగలు చీకటిగదిలో తలుపేసుకుని నిద్దరోతుంది!”

ఫొటోగ్రాఫరు భార్య పాలగిన్నె పొయ్యి మీద పెట్టి నవ్వుకుంది. ఎర్రదీపం కింద, మందునీళ్ళ ట్రేలో తెల్లకాగితాన్ని చంటిబిడ్డకు లాల పోసినట్టు మెల్లగా ఊపుతూ, ముందొక కన్ను, తర్వాతొక చెయ్యి, చివరికి నిండు మనిషి తేలేదాకా ఊపిరి బిగబట్టి నిలబడే నిద్ర అది. పెళ్ళైన కొత్తలో అత్తగారు “నీ చేతుల కంపు అన్నానికి పట్టిందే” అని కంచం నెట్టేసేది. ఆ చేతులు కడిగిన ఫొటోలే పత్రికలో పడితే మాత్రం వీధంతా తిప్పి చూపించేది: “మా వాడి చేతిలో ఏదో ఉంది!” ఉంది మరి, కెమెరా. మిగిలిందంతా కోడలి చేతుల్లోనే ఉండేది.

ఇప్పుడు ఆయన జీవితకాలపు ఫొటోలతో పెద్ద ప్రదర్శన పెడుతున్నారు. అన్నీ ఆమే అచ్చుతీసింది. మిల్లు గేటు ఫొటో ఒక్కటే మిగిలింది. హాలు గుమ్మానికి ఎదురుగా, అన్నిటికన్నా పెద్దదిగా వేలాడాల్సింది అదే. మూసేసిన మిల్లు ముందు నేల మీద చతికిలబడ్డ ఆడకూలీలు, పళ్ళన్నీ బయటపెట్టి పగలబడి నవ్వుతుంటారు. పని పోయినవాళ్ళను అంతలా నవ్వించగలిగిన కన్ను ఇంకొకటి లేదని ఆయన్ను పొగడని పత్రిక లేదు.

ఆయన మరిచిపోయిన ఫిల్ము డబ్బా ఇవ్వడానికి ఏళ్ళ కిందట, ఆ ఫొటో తీసిన సాయంత్రం, ఆమె చంకలో పిల్లతో అక్కడికి వెళ్ళింది. “ఇక్కడేముంది, ఆడాళ్ళ సోది! కాసేపు ఇది చూస్తుండు” అని కెమెరా ఆమె మెడలో తగిలించి ఆయన టీ తాగడానికి పోయాడు. ఎండ ఆమె వీపున కాస్తోంది. ఒంటిచేత్తో కెమెరా ఎత్తితే పిల్ల దాని పట్టీ పట్టుకు లాగింది. కూలీల్లో ఒకావిడ “పిల్లనెత్తుకుని దేంతో నొక్కుతావే తల్లీ, మూడో చెయ్యి మొలిచిందా?” అంది. అందరూ గొల్లున నవ్వారు. ఆమె నొక్కింది.

నెగెటివ్ చూసి ఆయన, “బాగానే పడింది గానీ కింద నీ నీడ చూడు! ఎండను వెనక పెట్టుకుని తన నీడ తనే తీసుకోవడం కొత్తవాళ్ళు చేసే తప్పు. ఆ ముక్క కోసెయ్” అన్నాడు. నెగెటివ్ అలాగే ఉంచి, అచ్చులో ఆ ముక్క కోసింది. మిగతా ఫొటో కింద ఆయన పేరు పడింది. “మనలో మనకి నీ పేరేంటి, నా పేరేంటి?” అన్నాడు. అయితే ఒక్కసారి నా పేరే వేయించొచ్చుగా అన్న మాట గొంతుదాకా వచ్చింది. అంతలో పొయ్యి మీద అన్నం మాడింది, మాట మింగి అటు పరుగెత్తింది. ఆ తర్వాత ఎన్నిసార్లు అచ్చుతీసినా, కాగితం అడుగున వెలుగు తగలకుండా నల్లపట్టీ పెట్టి తనను తనే కప్పేసుకుంది.

ఇవాళా పట్టీ పెట్టింది. అప్పుడు ఆ ముఖాలు మళ్ళీ చూసింది. ఒక్కరూ దూరాన టీకొట్టు కేసి చూడటంలేదు. అందరి చూపూ తన మీదే, తన చంకలోని పిల్ల మీదే. ఇంత నవ్వు తెచ్చిన నీడ తప్పెలా అవుతుంది? పట్టీ తీసేసింది. మందునీళ్ళలో అందరికంటే ముందు నీడే తేలింది: నున్నటి సిగముడి, చంకలోంచి వేలాడే బుల్లికాలు. ఎవరూ చూడని ఆ గదిలో ఆమె వీపు దానంతటదే నిటారైంది.

చుట్టి పంపే పనీ ఆమెదే కాబట్టి, ఆయన ఆ ఫొటోను హాల్లోనే చూశాడు.

“ఈ నీడ ఇదివరకెప్పుడూ చూళ్ళేదే సార్! ఎవరిది?” అని ప్రదర్శన పెట్టినాయన అందరి ముందూ అడిగాడు.

“పక్కనెవరో నిలబడుంటారండీ. ఇలాంటివి కోసేస్తాం. ఈసారి మావాళ్ళు మర్చిపోయారు.”

ఆయన వెనక నుంచి ‘మావాళ్ళు’ ముందుకు వచ్చింది.

“మర్చిపోలేదండీ. అది ఫొటో తీసిన మనిషి నీడ. ఆ రోజుల్లో మీకు మీసాలుండేవి గానీ సిగముడి లేదు, చంకలో పిల్లా లేదు.”