బొట్టుపెట్టి పిలిచిన ప్రదర్శన

మహతి వాళ్ళమ్మ ఈశ్వరి పోయి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో మహతి ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఊరు ఊరుకుంటుందా? 'సదువుకున్న పిల్ల గదా, గుండె గట్టిది' అన్నవాళ్ళు కొందరు, 'అసలుందా గుండె' అన్నవాళ్ళు కొందరు. రెండు మాటలూ మహతి చెవిన పడ్డాయి, రెండూ తగల్లేదు. పళ్ళ డాక్టరు మత్తుసూది వేశాక పెదవి ఉందో లేదో తెలియదు చూడండి, ఆ పిల్లకి ఒళ్ళంతా అలాగే ఉంది.

పిల్ల విశాఖపట్నంలో సమకాలీన కళ చదువుతోంది. అంటే బొమ్మలు వెయ్యడమా అని అడక్కండి, వాళ్ళ మాస్టారు భావనారాయణగారికి కోపం వస్తుంది. పని చెయ్యడం ఒక ఎత్తు, దాన్ని ఎవరికి ఎలా చెప్పాలో తెలియడం ఇంకో ఎత్తు అంటారాయన. ఆఖరి పరీక్ష కూడా అదే. చేసిన పనిని ముందు సొంత ఊరి జనానికి చూపించి వాళ్ళకి తెలిసేలా చెప్పాలి. మర్నాడు పరీక్షకులొస్తారు, వాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పాలి. ఇది తప్పితే పట్టా లేదు.

మహతి తన పనికి అమ్మ చీరలు తీసుకుంది. పెద్దకార్యం నాడు అమ్మ ట్రంకుపెట్టెకి తాళం వేసింది తనే కాబట్టి ఒక్క చీరా గడప దాటలేదు. ఆమదాలవలసకి ఇవతల ఊళ్ళో, కళ్ళం పక్కనున్న వాళ్ళ ధాన్యం షెడ్డులో తాళ్ళు కట్టి, చీరలన్నీ మనిషి ఎత్తున వేలాడదీసింది. నడుమ లేతనీలం నేతచీర. అమ్మ ఆసుపత్రికి వెళ్ళేదాకా కట్టుకున్నది, ఆ తర్వాత ఉతకనిది. అంచున కొంచెం పసుపు, కొంగుకి గంజి మరక, దగ్గరికెళితే అమ్మ వాసన. పనికి 'గైర్హాజరు' అని పేరు పెట్టింది. మిగతా చీరలు కొలతలు చూసుకుంటూ, క్లిప్పులు పెట్టుకుంటూ చకచకా తగిలించింది గానీ, నీలం చీర దగ్గర మాత్రం కాసేపు నిలబడి ఊపిరి పీల్చుకుంది. ఏడాదిగా ఆమెకి ఏదైనా తెలుస్తోందంటే ఆ వాసన ఒక్కటే.

జనం ఎలా వస్తారు? పాలకేంద్రం గోడకి కాగితం అంటించింది. వాట్సాప్ గుంపులో పెడితే బొటనవేళ్ళు చూపించారు తప్ప ఎవరూ వస్తామనలేదు. పిన్ని గురమ్మ నవ్వింది.

"కాగితం సూసి ఎవులొస్తారే గుంటా? ఇంటింటికెళ్ళి బొట్టెట్టి పిలు. బొట్టెట్టి పిలిస్తే ఎవులైనా వస్తారు."

మహతికి ఆ ఉపాయం నచ్చింది. ప్రేక్షకుల దగ్గరికి వాళ్ళ పద్ధతిలోనే వెళ్ళాలని మాస్టారు చెప్పిందే కదా. కుంకుమ భరిణె పట్టుకుని పిన్నితో కలిసి వీధంతా తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆడవాళ్ళు తలలో పువ్వులు పెట్టుకుని మరీ వచ్చారు. మహతి రాసిపెట్టుకున్నది చెప్పింది. మనిషి వెళ్ళిపోయినా ఆ మనిషి ఆకారం బట్టలో ఉండిపోతుందనీ, ఈ చీరల మధ్య నడుస్తూ లేని మనిషిని చూడాలనీ. అందరూ బుద్ధిగా విన్నారు. ముట్టుకోవద్దని అట్టముక్క మీద రాసుంది గానీ, నేతని రెండు వేళ్ళ మధ్య నలిపి చూడకుండా చీర చూసిన ఆడది ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

గురమ్మ ఆకుపచ్చ చీర క్లిప్పు తీసి, చీరని కళ్ళకద్దుకుంది. "ఇది నాకియ్యే. మీయమ్మా నానూ కలిసెళ్ళి కొన్నాం."

ఇక ఆగుతారా! తలా ఒకటి తీసుకున్నారు. గుంజుకోలేదు, పోట్లాడుకోలేదు. ఒకరికొకరు ఎంచి ఇచ్చుకున్నారు, మహతి తలమీద చెయ్యి పెట్టి దీవించారు. తప్పు వాళ్ళది కాదు సుమండీ. పసుపు కుంకాలతో పోయిన మనిషి చీర కట్టుకుంటే ఆ భాగ్యం తమకీ అంటుతుందని వాళ్ళ నమ్మకం. పెద్దకార్యం నాడు పంచాల్సినవి పంచలేదు. ఏడాది తిరిగాక పిల్లే బొట్టుపెట్టి పిలిచింది. వచ్చి చూస్తే చీరలు బారుగా వేలాడుతున్నాయి. ఇంకేమనుకుంటారు? బొట్టుపెట్టి పిలిచినవాళ్ళని వట్టిచేతులతో పంపరని మహతికి మాత్రం తెలియదా? ఆ సమయానికి తట్టలేదు, అంతే.

ఎదురింటి లక్ష్మణమ్మ నీలం చీర తీసింది. "ఇది ఉతకలేదేటమ్మా? పోన్లే, నాను ఉతుక్కుంటాను."

వద్దు అనాలి. ఒక్క మాట. మహతి నోరు తెరిచింది.

"సరే అత్తా," అంది.

షెడ్డు ఖాళీ అయింది. గురమ్మ వెళ్తూ వెళ్తూ, "ఇన్నాళ్ళకి మంచి పని సేసినావు. మీయమ్మ సల్లగా సూస్తాది," అంది. మహతి కిందపడ్డ క్లిప్పులు ఏరి డబ్బాలో వేసింది. ఆకలేస్తే అన్నం తింది.

మర్నాడు భావనారాయణగారు, పరీక్షకురాలు అరుణశ్రీగారితో రైలు దిగి ఆటోలో వచ్చారు. షెడ్డులో వట్టి తాళ్ళు చూసి, "పని ఏదమ్మా?" అన్నారు.

జరిగింది జరిగినట్టు, పేపర్లో వార్త చదివినట్టు చెప్పింది మహతి. అరుణశ్రీగారి ముఖం వెలిగిపోయింది.

"అద్భుతం! చూసేవాళ్ళనే పనిలో భాగం చేసేశావు. వాళ్ళు పట్టుకెళ్ళడంతోనే గైర్హాజరు పూర్తయింది. ఇదంతా ముందే అనుకున్నావు కదూ?"

వెనకనుంచి భావనారాయణగారు ఊఁ అనమన్నట్టు తలూపారు. ఆయన మంచివాడు, పిల్ల గట్టెక్కాలని ఆయన ఆశ. ఊఁ అంటే పట్టా చేతికొచ్చినట్టే.

"లేదు మేడం. నేను ఇవ్వలేదు. పట్టుకెళ్తుంటే వద్దనలేకపోయాను."

"పోనీ, ఇప్పుడు ఈ ఖాళీ గురించి ఏమైనా చెప్పు."

మహతి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "ఏం లేదు మేడం."

అరుణశ్రీగారు మార్కుల కాగితం మడిచారు. భావనారాయణగారు నిట్టూర్చారు. ముగ్గురూ ఆటో ఆగినచోటికి నడిచారు. దారి లక్ష్మణమ్మ బోరింగు పక్కనుంచే.

కంచె మీద లేతనీలం చీర ఆరేసి ఉంది. కొంగు చివర్నుంచి నీళ్ళు కారుతున్నాయి. లక్ష్మణమ్మ చేతులకి ఇంకా నురగ.

"ఓలమ్మా, నువ్వా! మాసిపోయున్నాది గదాని మొదల దీన్నే ఉతికేసినాను. సూడు, ఎలగ మెరిసిపోతన్నాదో!"

పసుపు లేదు. గంజి మరక లేదు. మహతి తడిచీరని దగ్గరికి లాక్కుని ముఖం ఆనించింది. సబ్బు వాసన. కొంగు వెతికి పట్టుకుని వాసన చూసింది. అక్కడా సబ్బే. మడత విప్పి లోపలి అంచు చూసింది. అక్కడా అదే.

"ఏమైంది మహతీ?" అన్నారు భావనారాయణగారు.

ఇటు పరీక్షకురాలు, అటు లక్ష్మణమ్మ. వాళ్ళకొక రకంగా, వీళ్ళకొక రకంగా చెప్పడానికి ఆ పిల్ల దగ్గర ఇక మాటలు లేవు.

"మా అమ్మ పోనాదండి," అంది.

అన్నాక గానీ ఆ మాట ఆమెకే వినిపించలేదు. చీర వదలకుండానే బురదలో కూలబడింది. ఏడాదిపాటు ఎక్కడ దాగుందో గానీ, దుఃఖం కడుపులోంచి తన్నుకొచ్చింది. గొంతు పగిలేలా ఏడ్చింది.

లక్ష్మణమ్మ గాభరాగా పక్కన కూర్చుని, నురగ చేతుల్తోనే పిల్ల తల గుండెకి హత్తుకుంది. "అవునమ్మా, పోనాది. ఏడు తల్లీ, ఏడు."

ఆటోవాడు హారన్ కొడుతుంటే, అరుణశ్రీగారు ఆగమని చెయ్యి చూపించి అక్కడే నిలబడ్డారు.