మాటలో పోయిన దీర్ఘం

గొంతు క్యాన్సర్ అని చంద్రమ్మకు స్వరపేటిక తీసేశారు. అంతకుముందే కొడుకు మిథున్ ఒక యాప్ తయారుచేస్తే, కూతురు మనీషా పక్కన కూర్చుని తల్లి మాటలన్నీ అందులో రికార్డు చేసింది. తెర మీద బొమ్మ నొక్కితే చాలు, అచ్చం చంద్రమ్మ గొంతే పలికేది. ఆ మాటలకు ఇంకో కాపీ ఉంచాలన్న తెలివి మాత్రం ఈ ఇద్దరు చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ లేకపోయింది.

ఫోన్ అప్‌డేట్ అయ్యాక యాప్ తెరుచుకోవడం మానేసింది. మిథున్ హైదరాబాద్‌లో కూర్చుని మొదటినుంచి కొత్తది తయారుచేసి, అవ్వ అని పిలిచే తల్లికీ, అక్కకీ పంపాడు.

"అక్కా, అవ్వను మానుకోట ఫోన్ల షాపుకు పొమ్మన్న, వాళ్లే ఎక్కిస్తరు. నేను డ్యూటీకి పోతున్న, లోపలికి ఫోన్ రానియ్యరు" అని మెసేజ్ పెట్టాడు.

జనగామ ఆఫీసులో అది చదివిన మనీషా వెంటనే ల్యాప్‌టాప్ తెరిచింది. యాప్‌కు పైకి కనబడే పేరు కాక, లోపల అసలు పేరు ఒకటి ఉంటుంది. అది అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే కొత్తది పాతదాని మీద కూర్చుంటుంది, లోపలి గొంతు నిలుస్తుంది. కలవకపోతే వేరే యాప్‌గా, ఖాళీగా దిగుతుంది. అప్పుడెవరైనా పాతది తీసేస్తే గొంతూ దాంతోనే పోతుంది. మన మిథున్ మహానుభావుడేమో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో పొద్దున ఒక తీరు, మాపున ఇంకో తీరు రాసే రకం.

ఎక్కించకుండానే యాప్ ఫైలు లోపలి పేరు చదివే సాధనం అందులో ఉంది. మిథున్ మొదట్లో పంపిన పాత ఫైలు చూసింది. 'అవ్వ మాట'. మాటలో దీర్ఘానికి రెండు 'ఎ'లు. కొత్తది చూసింది. ఒక్కటే 'ఎ'.

తల్లి నంబర్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది.

"అక్కా, షాపు నుంచి జితేందర్‌ను. అయిపోయింది."

"అన్నా, పాతది తియ్యకు! నీకు దండం పెడ్త!"

"రెండు బొమ్మలు ఒక్కతీరుగ వచ్చినయక్కా. పాతది ఎట్లాగూ తెరుచుకుంటలేదు. తీసెయ్యాల్నా అని అవ్వనే అడిగిన. తలూపింది, తీసేసిన."

ఆపరేషన్ అయినప్పటినుంచి చంద్రమ్మ అన్నిటికీ తలూపుతోంది. ఎందుకని అడగలేని మనిషి ఇంకేం చేస్తుంది? మనీషాకు తమ్ముడివీ, షాపువాడివీ, అందరికంటే ఎక్కువగా తనవీ చెంపలు వాయించాలనిపించింది.

"ఫోన్ అవ్వకియ్యన్నా... అవ్వా, నీ గొంతు పోయిందే. మేమే పోగొట్టినం. ఇనబడుతుందా, అవ్వా?"

అవతల ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి జితేందర్ ఫోన్ తీసుకున్నాడు.

"ఇనబడిందక్కా. తలూపుతుంది."