ఇరవై ఎనిమిది అంగుళాల వంటగట్టు

లినోలియం కంపెనీ వాళ్ళు ఓస్మండ్ ముసలాయన్ని ఇంటికొచ్చి మరీ పిలుచుకుపోయారు. పడుచు వడ్రంగులంతా యుద్ధానికి పోయారు. విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్ళో ఇక మిగిలింది ఆయనా, ఆయన చిత్రికా.

పని వంటిళ్ళు కట్టడం. నిజం వంటిళ్ళు కావు, పత్రికల్లో ప్రకటన కోసం ఫొటో తీసేవి. మూడు గోడలు, నాలుగో పక్క కెమెరా. సింకు ఉంటుంది, గొట్టం ఉండదు. కంపెనీ నేలకు పరిచే లినోలియం చేయడం మానేసి ఏడాది దాటింది. యంత్రాలన్నీ సైన్యం పనిలో ఉన్నాయి. అమ్మడానికి సరుకు లేదు గాని ప్రకటన మాత్రం నెల తప్పదు. "యుద్ధం గెలిచాక మీ వంటిల్లు ఇదే" అని పైన పెద్దక్షరాలు.

ఒక నెల పొయ్యి గది నడిమధ్యలో పెట్టించి దానిమీద గాజు గిన్నె బోర్లించారు. ఇంకో నెల సింకు కింద చేపల పెట్టె పెట్టించారు. అంట్లు తోముతూ చేపల్ని చూడాలంటే తల ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. ఓస్మండ్ అడగలేదు. గుర్రానికి టోపీ కుట్టమన్నా కుడతాం, కూలిస్తున్నారు కదా అనుకున్నాడు.

ఫొటోలో లినోలియం బాగా కనబడాలని నేల వెనకవైపు నాలుగంగుళాలు పైకి లేపించేవారు. వంటగట్టు నేలని కప్పేస్తుందని ఇరవై ఎనిమిది అంగుళాలకే కట్టించేవారు. గట్టు ఎత్తుగా కనబడాలని పక్కన నిలబెట్టడానికి పొట్టి పిల్లని వెతికి తెచ్చేవారు. గట్టు మీంచి జారిపడ్డ నిమ్మకాయ దొర్లుకుంటూ కెమెరా కాళ్ళ దాకా వచ్చేది.

మార్చి నెలలో ఒక ఆదివారం కోడలు ఆర్డిస్ వచ్చింది. కొడుకు హాల్వర్ పసిఫిక్‌లో ఓడ మీద ఉన్నాడు. ఈమె ఫిరంగి గుండ్ల ఫ్యాక్టరీలో పగలంతా నిలబడి పనిచేస్తుంది. ఇంటికెళ్తే పాతకాలపు సింకు, తొడల దాకానే వస్తుంది. అంట్లు ముగిసేసరికి నడుం పట్టుకుని గోడకి ఆనుకుంటుంది.

"మామయ్యా, నాకో పని చేసిపెట్టాలి."

"తలుపా?"

"వంటిల్లు!" కవరులోంచి కాగితం తీసి బల్లమీద పరిచింది. "తపాలా బిళ్ళలు పంపితే ప్లాను పంపుతామని ప్రకటనలో వేశారు, తెప్పించా. ఈ బొమ్మ ఓడకి కూడా పంపాను. పడక పక్కన అంటించుకున్నాడట. ఆయన వచ్చేసరికి అచ్చం ఇలాగే ఉండాలి. మీ పాత కొట్టం పలకలున్నాయిగా."

ఓస్మండ్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. వంటగట్టు ఎత్తు ఇరవై ఎనిమిది అంగుళాలు. నేల వెనక నాలుగంగుళాలు ఎత్తు, కడిగిన నీళ్ళు జారడానికి.

"ఇది నేను కట్టిందే."

"ఇంకేం మరి! చెయ్యి తిరిగిన పనే."

"ఇలా వచ్చి నిలబడు." కొలబద్ద గోడకి ఆనించి ఇరవై ఎనిమిది దగ్గర వేలు పెట్టాడు. "ఇక్కడ గిన్నె ఉందనుకో. తోము."

నవ్వుతూ వంగింది. రెండు గిన్నెలు తోమినంతసేపు వంగింది. తర్వాత నవ్వు పోయింది, చెయ్యి నడుం మీదకి వెళ్ళింది.

"ఇది మా ఇంట్లో దానికీ దీనికీ తేడా ఏముంది మామయ్యా?"

"దీనికి రంగు ఉంది."

ఆమె కుర్చీలో కూలబడింది. "ఫ్యాక్టరీలో మా బల్ల దగ్గర ఆరుగురం తెప్పించుకున్నాం. వాళ్ళలో వెర్నా అనే ఆవిడ నాన్న నిన్ననే పలకలు కోసేశాడు."

"కోసేశాడా?"

"ఈ కొలతకే."

ముసలాయనకి ఒళ్ళు మండిపోయింది. కోసిన పలక పొడుగవుతుందా? ఆర్డిస్‌కైతే మామగారు వడ్రంగి. మిగతావాళ్ళకి ఎవరున్నారు?

సోమవారం పొద్దున్నే ప్రకటనల ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడి పెద్ద, ప్రెంటిస్ అనే ఆయన, కాఫీ తాగుతున్నాడు.

"ఏంటి తాతా, నువ్వు నోరు తెరవబోతున్నావా? వానొస్తుంది, గొడుగు తెమ్మనాలి."

"ఈ కొలతలు కెమెరావి. మనుషులవి కావు."

"చూసి ఎవరు కడతారయ్యా? ఆడవాళ్ళు కలలు కంటారు. కలకి అంగుళాలేంటి?"

"అంగుళాలు వేసింది మీరు."

"వేయకపోతే దాన్ని ప్లాను అనరు."

"తప్పని ఇంకో కాగితం పంపండి."

"కాగితం కరువు. యుద్ధం జరుగుతోంది, తెలీదా?"

"తప్పు అచ్చేయడానికి దొరికిందిగా!"

ప్రెంటిస్ కప్పు కింద పెట్టాడు. "నీది సుత్తి పని. వెళ్ళి కొట్టుకో."

ఓస్మండ్ పళ్ళు కొరుక్కుంటూ బయటికొచ్చాడు. ప్లాను కాగితాలు రాసే ఐడెల్లా అనే అమ్మాయి గది పక్కనే. ఆ అంకెలు ఎక్కడివని అడిగాడు.

"ఎక్కడివేంటండీ, మీవే. బొమ్మ గీసేవాళ్ళు అంకెలు వేయరు కదా. ఫొటో అయ్యాక టేపు పట్టుకుని మీరు కట్టింది కొలుస్తాను. నాకు వంట రాదు, హాస్టల్లో తింటాను. మీరు కట్టారంటే సరిగ్గానే ఉంటుంది కదా అనుకున్నా. నేల వాలు మాత్రం నీళ్ళకని నేనే ఊహించాను."

ఆ మాట ప్రెంటిస్ మాటకంటే గట్టిగా తగిలింది. ఆయన పేరు నమ్మి ఆ పిల్ల రాసింది. ఆ పిల్లని నమ్మి వెర్నా తండ్రి కోశాడు. అడిగిన ఎత్తుకల్లా నోరు మూసుకుని కట్టింది తనే.

తర్వాతి వంటిల్లు ఆయన ముప్ఫై ఆరు అంగుళాలకి కట్టాడు. నేల సమంగా వేశాడు. గట్టు కాళ్ళు నేల దూలాలకి ఇనప బోల్టులతో బిగించాడు. ఎవరికీ చెప్పలేదు. ఆయన చెప్పకపోవడం ఎవరికీ వింతగా కూడా అనిపించలేదు.

ఫొటో రోజు ప్రెంటిస్ వచ్చి కెమెరాలో చూశాడు.

"నా లినోలియం ఏదయ్యా?"

"కిందే ఉంది."

"నాకు రిబ్బను ముక్కంత కనిపిస్తోంది! దీన్ని కోసెయ్, ఇప్పుడే. సాయంత్రం రైలుకి ఫొటో పత్రికకి వెళ్ళాలి."

"రంపం అదిగో. కోయండి."

ప్రెంటిస్ గట్టుని ఊపి చూశాడు. కదల్లేదు. కాలితో తన్నాడు, కాలే నొచ్చింది. పొట్టి పిల్ల పక్కన నిలబడి ఫిక్కున నవ్వింది. రైలు వేళ దగ్గర పడుతోంది. ఉన్నదాన్ని ఉన్నట్టే ఫొటో తీశారు.

"నీ సామాను సర్దుకో," అన్నాడు ప్రెంటిస్ కుంటుతూ వెళ్తూ.

ఓస్మండ్ సర్దుకుంటుండగా ఐడెల్లా టేపుతో వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని కొలిచి రాసుకుంది. "ముప్ఫై ఆరు. నేల సమం." తలెత్తింది. "అంటే పాతది?"

"తప్పు. నాదే తప్పు. కింద ఒక మాట రాస్తావా? పాత కొలతతో పలకలు కోయొద్దని."

ఆమె ప్రెంటిస్ గది తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత రాసింది. పాత ప్లాను తెప్పించుకున్న వాళ్ళ చిరునామాల డబ్బా కూడా తన దగ్గరే ఉందంది.

మూడు వారాల తర్వాత ఆర్డిస్ కొత్త కాగితం పట్టుకొచ్చింది. అప్పటికి ఓస్మండ్ ఆమె వంటింట్లోనే పనిలో ఉన్నాడు, గట్టు సగం లేచింది.

"ఆరుగురికీ వచ్చింది మామయ్యా! వెర్నా వాళ్ళ నాన్న మాత్రం మీ కంపెనీని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతున్నాడు."

"తిట్టనీ. ఆ పలకలు ఏం చేశాడు?"

"పొయ్యిలో పెడతానంటున్నాడు."

"వద్దను. ఆ ఎత్తుకి పిల్లలు కూర్చుని రాసుకునే బల్ల అవుతుంది. రేపొచ్చి నేనే చేస్తాను." కొలబద్ద తీసి గోడకి ఆనించాడు. "నువ్వు నిలబడు. నిటారుగా."