మధ్య స్క్రూలు

"సూపులో ఉప్పు చాల్లేదు" అన్నాడు ఎస్కో. నేనతనికి చెప్తున్నది సూపు గురించి కాదు, స్క్రూల గురించి. ఫిన్లాండ్‌లోని ఔలు ఊళ్లో మా ఫ్యాక్టరీలో, సెల్ టవర్లకెక్కే ఆంప్లిఫయర్ బోర్డుల్ని అల్యూమినియం దిమ్మలకు బిగించడం నా పని. బోర్డు వేడి ఆ దిమ్మలోకి దిగకపోతే మాడిపోతుంది. డ్రాయింగులో ఉన్నట్టు ముందు మూలల స్క్రూలు బిగిస్తే బోర్డు నడుమ ఉబ్బి, కింద వెంట్రుకవాసి సందు మిగులుతోంది. మధ్యవే ముందు బిగించాలి. పదకొండేళ్లుగా చేస్తున్న నా చేతులకి అది తెలిసిపోయింది. ఆ డ్రాయింగు గీసిన ఇంజనీరు ఎస్కోనే, నా మొగుడు.

"నీ పని బిగించడం, సిర్కా. ఆలోచించడానికి మేమున్నాంలే" అని నవ్వి ఉప్పు అందుకున్నాడు. అది సెప్టెంబరు. మొగుణ్ణి దాటి పైవాళ్లకి చెప్పడం బాగుండదని ఊరుకున్నాను. బాగుండదని నాకెవరూ చెప్పలేదు. గిన్నెలు కడుగుతూ నాకు నేనే చెప్పుకున్నాను. మర్నాడు మళ్లీ మూలలే బిగించాను.

జనవరిలో ఉత్తరాన ఒక టవర్‌లో మా బోర్డు మాడి సిగ్నల్ పోయింది. ఆ రోజే అక్కడ రెయిన్‌డీర్లు కాచుకునే మనిషి ఒకడు, మంచుబండి తిరగబడి కాలు విరిగి, ఫోన్ పట్టుకునే గడ్డకట్టి చనిపోయాడు. సాయం కోసం పదిహేడుసార్లు నంబరు నొక్కాడట.

సూపర్‌వైజర్ యోర్మా నన్ను పిలిచి, బోర్డు మాడిన కారణం రాసిన కాగితం ముందు పెట్టాడు. "బోర్డు కింద వేడిని దించే పేస్టు సరిగా పూయలేదని రాశాం. హెల్వి చేతులు వణకడం నువ్వూ చూశావుగా. సాక్షిగా ఒక్క సంతకం చాలు."

హెల్వి నా పక్క బల్ల. అరవై రెండేళ్లు. చేతులు వణుకుతాయి, నిజమే. పేస్టు పూయడంలో మాత్రం ఏనాడూ ఎక్కడా ఖాళీ వదల్లేదు.

ఇంటికెళ్తుంటే కారులో ఎస్కో అన్నాడు. "పెట్టెయ్. ఆవిడెలాగూ ఇంట్లో కూర్చునే వయసు. నా పేరు బయటికొస్తే మన బతుకేం కావాలి?"

మన, అన్నాడు. సూపు, గిన్నెలు, వాళ్లమ్మ మందులు ఎప్పుడూ నావే. తప్పు ఒక్కటే మనదయింది. కిటికీ అద్దం మీద మంచు గీరుతూ కూర్చున్నాను.

పొద్దున్నే యోర్మా ఎదుటే ఆ కాగితం వెనక్కి తిప్పి రాశాను. పేస్టులో లోపం లేదు. బిగించే వరస తప్పు. ఆ సంగతి డ్రాయింగు గీసిన ఎస్కోకి సెప్టెంబరులోనే చెప్పాను. తప్పని తెలిసీ నాలుగు నెలలు బిగించింది నేను. కింద సంతకం పెట్టాను.

యోర్మా రెండుసార్లు చదివాడు. "ఇది పైకి పంపితే నీ మొగుడితో పాటు నువ్వూ పోతావ్."

"ఒకడు ఇప్పటికే పోయాడు, యోర్మా" అన్నాను.