ఆ సగం ఎక్కడిది?

నలభై తొమ్మిదేళ్ళు వచ్చాక కన్నకూతురితో కలిసి ఒకే పరీక్ష రాయాల్సి వస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, వాళ్ళ నోట్లో డస్టరు కుక్కేదాన్ని. కానీ రాసిపెట్టి ఉంది, ఏం చేస్తాం!

నేను హైస్కూల్లో ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్‌ని. ఇరవై రెండేళ్ళుగా బల్లలు తుడిచేది నేనే, సామాన్లు సర్దేది నేనే, పిల్లలు విరగ్గొట్టినవాటిని రిజిస్టర్లో రాసేదీ నేనే. పిల్లలంతా ల్యాబక్కా అంటారు. నాకన్నా పదేళ్ళు పెద్దవాడైన ప్యూను కూడా సిగ్గులేకుండా అలాగే అంటాడు. నా పైన ల్యాబ్ అసిస్టెంట్ పోస్టు ఖాళీ అయింది. దానికి హైస్కూలు పాసై ఉండాలి. మిగతా సబ్జెక్టులన్నీ ప్రైవేటుగా కట్టి గట్టెక్కాను. ఫిజిక్స్ ఒక్కటే రెండుసార్లు తన్నేసింది. యాభై నిండితే ఆ పోస్టు ఇవ్వరు, కాబట్టి నాకు ఇదే ఆఖరి అవకాశం. ఇది కూడా పోతే, నిన్నగాక మొన్న మీసాలొచ్చినవాడెవడో వచ్చి నా అలమారా తాళాలు అడుగుతాడు, నేను నోరు మూసుకుని ఇవ్వాలి. అది తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోతుంది.

రెండుసార్లూ నన్ను ముంచింది ఒకే ఒక్క సూత్రం. ఎస్ ఈక్వల్స్ యూటీ ప్లస్ హాఫ్ ఏటీ స్క్వేర్. కదిలే బండి ఎంత దూరం పోయిందో చెప్పే సూత్రం అది. యూ అంటే మొదట్లో ఉన్న వేగం, ఏ అంటే ఆ వేగం పెరిగే తీరు, టీ అంటే పట్టిన కాలం. ఇంతవరకూ బాగానే ఉంది. మధ్యలో ఆ సగం ఎందుకు? ఎవరు రమ్మన్నారు దాన్ని? ఎందుకుందో తెలియని వస్తువు నా ల్యాబులో కనబడితే తీసి అవతల పారేస్తాను. సూత్రంలోంచి కూడా అలాగే పారేశాను. దాంతో వేగం పెరిగే తీరు కట్టమన్న రెండు పరీక్షల్లోనూ నా జవాబులు రావాల్సినదాంట్లో సగానికి వచ్చి కూర్చున్నాయి.

మా అమ్మాయిని అడిగాను. అది స్కూలు ఫస్టు. వంటింట్లో గట్టు మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని నాకు పాఠం చెప్పేది.

"అమ్మా, ఎందుకూ ఏమిటీ అని అడక్కు. అక్కడ హాఫ్ ఉంటుంది. బట్టీ కొట్టేయ్."

"ఎందుకుంటుందే?"

"పుస్తకంలో ఉంది కాబట్టి."

"పుస్తకంలో నువ్వు గాడిదవని రాసుంటే అదీ బట్టీ కొడతావా?"

"అందుకే నువ్వు రెండుసార్లు ఫెయిలయ్యావు," అని గట్టు దిగి వెళ్ళిపోయింది. అది చెప్పింది నిజం కావడంతో నాకు ఇంకా మండింది.

పోనీ అని మా ఫిజిక్స్ మాస్టారిని అడిగాను. చేతిలో చాక్‌పీసు లేకపోతే ఆయనకు మాట పెగలదు. గోడ మీది నల్లబల్ల ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నింపి, కింద రెండు గీతలు గీసి, "అందువల్ల సగం," అన్నారు.

"అదే, ఎందువల్లండీ?" అన్నాను.

స్టాఫ్ మీటింగ్ ఉందని వెళ్ళిపోయారు. ఆ రోజు మీటింగ్ లేదని ప్యూను చెప్పాడు.

చివరికి నాకు ఆ ముక్క చెప్పింది ట్రాలీ. మా ల్యాబులో ఏటవాలుగా నిలబెట్టే బోర్డులు ఐదున్నాయి. ఒక్కోటి రెండు మీటర్లు. పైనుంచి చిన్న ట్రాలీని వదిలి, కిందికి దిగడానికి ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌తో కొలిచి, దాని వేగం ఎంత చొప్పున పెరిగిందో లెక్క కట్టాలి. కింద అడ్డంగా చెక్క పెట్టకపోతే ట్రాలీ ఆగదు, నేల మీద పరుగెత్తి అలమారా కాలికి గుద్దుకుంటుంది. ఇరవై రెండేళ్ళుగా దాన్ని అక్కడి నుంచి ఏరుకొస్తున్నాను. ఒకరోజు సాయంత్రం పిల్లలు వెళ్ళాక నాకేం బుద్ధి పుట్టిందో, ట్రాలీ వదిలి అంకెలు లెక్కపెట్టాను. బోర్డు దిగేసరికి ఒకటి, రెండు, మూడు. నేల మీద మళ్ళీ ఒకటి, రెండు, మూడు అనేసరికి అలమారా కాలు. ఆ దూరం ఎంతో చూద్దామని బోర్డును నేల మీద పడుకోబెట్టి కొలిచాను. సరిగ్గా రెండు బోర్డులు!

ఓసి దీని దుంపతెగ! నేల మీద ట్రాలీ మొదటి నుంచీ పూర్తి వేగంతో పోయింది. బోర్డు మీద మాత్రం సున్నాతో బయలుదేరి, కిందికి వచ్చేసరికి గానీ ఆ వేగం అందుకోలేదు. అందుకే అంతే సమయంలో సగం దూరమే దిగింది. అంతే కదా సంగతి! దీనికి నల్లబల్లంతా ఖర్చు పెట్టాలా? ఖాళీ ల్యాబులో ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను.

ఇక జాతకం సంగతి చెప్పాలి. జాతకమంటే అట్ట చిరిగిన ఒక నోటుపుస్తకం. పెద్ద క్లాసువాళ్ళు చిన్న క్లాసువాళ్ళకు అప్పజెప్పి పోతుంటారు. ఏ బోర్డు మీద ఎంత రావాలో, దానికి ఏ రీడింగులు రాయాలో అన్నీ అందులో ఉంటాయి. జరగబోయేది ముందే చెప్తుంది కాబట్టి పిల్లలు దానికి ఆ పేరు పెట్టారు. ప్రాక్టికల్ రోజు ట్రాలీని ఒకసారి ఊరికే దొర్లించి, జాతకంలోది దించేస్తారు. మా అమ్మాయికైతే అది మొత్తం కంఠతా వచ్చు. "ఎంత రావాలో తెలిశాక కొలవడం ఎందుకమ్మా?" అంటుంది. ఆ పుస్తకం అలమారా వెనక ఉంటుంది. నేనే దుమ్ము దులిపి, మళ్ళీ అక్కడే పెడుతుంటాను.

పరీక్షలకు వారం ముందు రెండో బోర్డు స్టాండు పగిలింది. మేకు పెట్టే పై రంధ్రం దగ్గర చెక్క చీలింది. మేకు తీసి కింది రంధ్రంలో పెట్టాను. బోర్డు ఎత్తు సగానికి తగ్గింది. వాలు తగ్గితే ట్రాలీ నింపాదిగా దిగుతుంది, వేగం పెరిగే తీరుకు జాతకం చెప్పే 1.8 ఇక చచ్చినా రాదు. మరమ్మతు సంగతి రిజిస్టర్లో రాశాను, మాస్టారు చదవకుండా సంతకం పెట్టారు. మరి పిల్లలకు చెప్పాలా? అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. రెండో బోర్డు దగ్గర ఎవడు బోర్లాపడతాడో అని వారం రోజులు నాలో నేనే నవ్వుకున్నాను. నంబర్ల వరస ప్రకారం మా అమ్మాయికి ఎప్పుడూ నాలుగో బోర్డే, నాకేం భయం?

పరీక్ష రోజు బయటి స్కూలు నుంచి ఎగ్జామినర్ మేడమ్ వచ్చారు. బక్కగా, రెప్ప వేయని మనిషి. వస్తూనే నంబర్ల వరస పక్కన పెట్టి, ప్లాస్టిక్ డబ్బాలో చీటీలు వేసి తీయమన్నారు. మొదటి జట్టులో నేనున్నాను. నా చీటీలో రెండు. అడ్డంగా చెక్క పెట్టి ఐదుసార్లు ట్రాలీ వదిలాను. దాదాపు ప్రతిసారీ 2.1 సెకన్లే. సగాన్ని దాని చోట కూర్చోబెట్టి లెక్క కట్టాను, 0.9 వచ్చింది. పేపరిచ్చి పక్క గదిలోకి వెళ్ళాను. రెండో జట్టు లోపలికి వెళ్తోంది. అందులో మా అమ్మాయి కూడా ఉంది. నన్ను ఎక్కడో చూసినట్టు కూడా చూడకుండా పోయింది.

గంట తర్వాత ప్యూను తలుపు దగ్గరికొచ్చి, "ల్యాబక్కా, నిన్ను లోపలికి రమ్మంటున్నారు," అన్నాడు.

లోపల మేడమ్, మాస్టారు, మా అమ్మాయి ఉన్నారు. బల్ల మీద రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

"ఇద్దరిదీ రెండో బోర్డే. ఒకరికి 0.9 వచ్చింది, ఒకరికి 1.8 వచ్చింది," అన్నారు మేడమ్. "ఇద్దరిలో ఎవరో ఒకరు కొలవకుండా రాశారు."

చీటీల్లో మా పిల్లకీ రెండే వచ్చిందన్నమాట. అది తల వంచుకుని కాలి బొటనవేలు చూసుకుంటోంది.

మాస్టారు నవ్వేశారు. "ఇందులో ఆలోచించడానికేముంది మేడమ్? ఈవిడ అలవాటు ప్రకారం సగం వదిలేసి ఉంటుంది. రెండేళ్ళూ అలాగే పోయింది. ఈ అమ్మాయి మా స్కూలు ఫస్టు."

"సగం వేశారండీ, చూశాను," అన్నారు మేడమ్. "తేడా టైములోనే ఉంది. ఈవిడకి 2.1, ఈ అమ్మాయికి 1.5. కొలవనివాళ్ళ రీడింగులు కొట్టేస్తాను. ఇరవై మార్కులు పోతాయి."

ఆ ఇరవై పోతే మా అమ్మాయికి ఫస్టు పోతుంది. నాకైతే పరీక్షే పోతుంది, పోస్టు పోతుంది.

అమ్మను కదా, తప్పు నాదేనని ఒప్పేసుకుంటాననుకుంటున్నారేమో. ఆ మాట నోటిదాకా వచ్చిందన్నది నిజం. మింగేశాను. ఆ సగంతో అన్ని కుస్తీలు పట్టి, తీరా గెలిచాక నాది తప్పని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. అలాగని కన్నబిడ్డను వేలెత్తి చూపడానికీ చెయ్యి లేవలేదు.

"బోర్డు అక్కడే ఉంది కదా మేడమ్, దాన్నే అడగండి," అన్నాను.

మేడమ్ లేచారు. స్టాప్‌వాచ్ తీసి మా అమ్మాయి చేతిలో పెట్టారు. "ట్రాలీ నేను వదులుతాను. నీ 1.5 నువ్వే చూపించు."

అది గడియారం మీద బొటనవేలు పెట్టాక గానీ నా బుర్రకు తట్టలేదు. ట్రాలీ చెక్కకు తగలకముందే ఒక్క నొక్కు నొక్కితే 1.5 వచ్చేస్తుంది. అర సెకను చాలు. మేడమ్ చూపు ట్రాలీ మీద ఉంటుంది, మాస్టారి నమ్మకం మా పిల్ల మీద ఉంది. అది నొక్కితే నా పని అయిపోయినట్టే, దాని ఫస్టు దానికి ఉంటుంది. వారం రోజులు నవ్వుకున్న నా మీద నాకే అసహ్యం వేసింది. ఎవరి పిల్లలో పడతారని చూసిన గోతిలో నా పిల్లే పడింది, పైగా అందులోంచి లేవాలంటే నన్ను తొక్కి లేవాలి.

మేడమ్ ట్రాలీ వదిలారు. అది తీరిగ్గా, పెళ్ళినడకలు నడుస్తూ దిగింది. మా అమ్మాయి దాన్ని నోరు తెరుచుకుని చూసింది. ఇన్నాళ్ళలో అది ట్రాలీని నిజంగా చూడటం అదే మొదటిసారనుకుంటాను. ట్రాలీ ఠక్కున చెక్కకు తగిలింది. మా పిల్ల గడియారం వైపు చూసి, మళ్ళీ బోర్డు వైపు చూసింది.

"ఎంత?" అన్నారు మేడమ్.

"రెండు పాయింట్ ఒకటి."

మళ్ళీ వదిలారు. 2.2 వచ్చింది. మళ్ళీ వదిలితే 2.1.

"అదెలా కుదురుతుంది?" అని మాస్టారు ముందుకొచ్చారు. "ఆ బోర్డు మీద ఎప్పుడూ 1.8 కదా వచ్చేది!"

"ఎప్పుడూనా?" అన్నారు మేడమ్, ఆయన వైపు మెల్లగా తిరిగి.

మాస్టారి చేతిలో చాక్‌పీసు విరిగింది. కోపమంతా నా మీదికి తిప్పారు. "బోర్డు నువ్వేమైనా మార్చావా?"

"మార్చానండీ. పై రంధ్రం పగిలితే కింది రంధ్రంలో మేకు పెట్టాను. రిజిస్టర్లో మీ సంతకం ఉంది."

"అందరికీ చెప్పొద్దూ?"

"కొలిచేవాళ్ళకి చెప్పక్కర్లేదు కదండీ."

మేడమ్ మా అమ్మాయి రీడింగుల మీద ఎర్ర సిరాతో అడ్డగీత గీశారు. నా పేపరు మీద టిక్కు పెట్టారు. ఇద్దరినీ వెళ్ళమన్నారు.

వరండాలో అది నాకన్నా నాలుగడుగులు ముందు నడిచింది. గేటు దగ్గరికి వచ్చాక ఇక ఆపుకోలేకపోయింది.

"నీకు ముందే తెలుసు కదా!"

"తెలుసు."

"చెప్పొచ్చు కదా నాకు!"

"నీకు ఆ బోర్డు రాదనుకున్నానే. వేరేవాళ్ళు పడితే చూసి నవ్వుదామనుకున్నాను. తప్పే నాది."

"నా ఫస్టు పోయింది."

"పోయింది," అన్నాను. ఇంకేమనగలను? నాకు ఏడుపూ వస్తోంది, పాసయ్యానన్న సంతోషమూ వస్తోంది, ఏది ముందు పడాలో తెలియడం లేదు. అది కళ్ళు తుడుచుకుని రోడ్డు దాటింది. వెనకే నేనూ దాటాను. అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"ఏమే, నువ్వు ముందే నొక్కేస్తావనుకున్నాను."

అది వెనక్కి తిరగలేదు.

"నేనూ అలాగే అనుకున్నానమ్మా," అంది.